లెక్క చెప్పే ఉద్యోగం: టెక్ మార్కెట్ అనలిస్ట్ దారిలో పినపాక పిల్లలకు చోటుందా?

ఇంటర్ అయినా డిగ్రీ అయినా, ఫలితాలు వచ్చిన రోజు మన ఇళ్లల్లో వినిపించే మాట ఒకటే: "సాఫ్ట్‌వేర్ వైపు పంపిద్దాం." పినపాక, మణుగూరు, భద్రాచలం వైపు కూడా అంతే. సింగరేణి ఉద్యోగం ఉన్న ఇళ్లు కొన్నే. మిగతావాళ్లకు మిర్చి, పత్తి, చిన్న దుకాణం, లారీ స్టీరింగ్, లేదంటే గల్ఫ్ వీసా. అందుకే పిల్లలు కాస్త చదివితే చాలు, చూపు హైదరాబాద్ మీద పడుతుంది.

కానీ ఆ సాఫ్ట్‌వేర్ దారి ఇప్పుడు మునుపటంత సాఫీగా లేదు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. కోడింగ్ నేర్చుకుంటే చాలు, ఉద్యోగం అదే వస్తుంది అనే ధీమా తగ్గింది. దాంతో కోడింగ్ రాకపోయినా టెక్నాలజీ రంగంలో ఉండే ఉద్యోగాల గురించి పిల్లలు అడుగుతున్నారు. అందులో ఒకటి టెక్నాలజీ మార్కెట్ అనలిస్ట్ ఉద్యోగం.

పేరు పెద్దగా ఉంది. ఇంతకీ ఆ పని ఏంటి, అందులో నిలబడేది ఎవరు, అడవి అంచున ఉన్న మండలం నుంచి వెళ్లే పిల్లలకు అక్కడ చోటుందా? ఇంట్లో డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి.

పని ఏంటి?

ఒక ఫోన్ కంపెనీ వచ్చే ఏడాది మన దేశంలో ఎన్ని ఫోన్లు తయారు చేయాలి? ఒక బ్యాంకు ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాలి? ఒక ఫ్యాక్టరీకి చిప్‌లు మూడేళ్ల తర్వాత దొరుకుతాయా? ఇలాంటి నిర్ణయాల వెనక వందల కోట్లు ఉంటాయి. తీసుకునే ముందు ఎవరో ఒకరు లెక్క చెప్పాలి. ఆ లెక్క చెప్పేవాడే మార్కెట్ అనలిస్ట్.

ఇది కొత్త వృత్తి కాదు. ఐడీసీ అనే సంస్థ 1964లో అమెరికాలో మొదలైంది. ఐబీఎంలో పనిచేసి, తర్వాత షేర్ మార్కెట్ సంస్థలో అనలిస్ట్‌గా ఉన్న గిడియన్ గార్ట్‌నర్ 1979లో తన పేరుతోనే గార్ట్‌నర్ కంపెనీ పెట్టారు. ఏ కంపెనీ ముందుంది, ఏది వెనకబడింది అని నాలుగు గడుల పటంలో చూపించే 'మ్యాజిక్ క్వాడ్రంట్' ఈ సంస్థదే. ఆ పటంలో చోటు కోసం పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు పోటీ పడతాయి. తమకు సరైన చోటు ఇవ్వలేదని 2009లో జెడ్‌ఎల్ టెక్నాలజీస్ అనే కంపెనీ కోర్టుకు కూడా వెళ్లింది. అది గార్ట్‌నర్ అభిప్రాయం మాత్రమేనని కోర్టు కేసు కొట్టేసింది.

మన హైదరాబాద్‌లోనూ ఈ పని జరుగుతోంది. గ్లోబల్‌డేటా, మోర్డార్ ఇంటెలిజెన్స్, ఫ్యాక్ట్‌సెట్, ఎస్ అండ్ పీ గ్లోబల్ లాంటి సంస్థలకు ఇక్కడ ఆఫీసులున్నాయి. ఇవి కాక విదేశీ కంపెనీలు సొంత పని కోసం పెట్టుకున్న కేంద్రాలు, అంటే జీసీసీలు ఉన్నాయి. నాస్కామ్, జిన్నోవ్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 1,700కు పైగా జీసీసీలు, వాటిలో సుమారు 19 లక్షల మంది ఉద్యోగులు ఉన్నారు. బెంగళూరు తర్వాత వీటికి పెద్ద ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. ఇలాంటి కేంద్రాల్లో మార్కెట్ సమాచారం చూసే టీమ్‌లు కూడా ఉంటాయి.

మెట్లు ఇలా ఉంటాయి. మొదట రీసెర్చ్ అసోసియేట్. తర్వాత అనలిస్ట్, సీనియర్ అనలిస్ట్. ఆపైన మేనేజర్ లేదా ప్రిన్సిపల్ అనలిస్ట్, చివరికి రీసెర్చ్ డైరెక్టర్. మొదటి రెండు మూడేళ్లు కంపెనీల వార్షిక నివేదికలు చదవడం, ఎక్సెల్‌లో అంకెలు నింపడం, ఫోన్ చేసి డీలర్లను అడగడం. ఆ తర్వాతే సొంత పేరుతో నివేదిక, కస్టమర్‌తో ముఖాముఖి.

లెక్క ఎలా వేస్తారు?

ఒక ఊహా మండలం తీసుకుందాం. పదివేల ఇళ్లు ఉన్నాయనుకోండి. ఇంటికి రెండు స్మార్ట్‌ఫోన్లు. మొత్తం 20,000 ఫోన్లు. మనిషి మూడేళ్లకోసారి ఫోన్ మారుస్తాడనుకుంటే ఏడాదికి సుమారు 6,700 కొత్త ఫోన్లు అమ్ముడుపోతాయి. నాలుగేళ్లకోసారి మారుస్తాడనుకుంటే 5,000 మాత్రమే. ఇళ్లు మారలేదు, మనుషులు మారలేదు. ఒక్క అంచనా మారితే పావు వంతు మార్కెట్ మాయమైంది.

మరి మూడేళ్లా, నాలుగేళ్లా? ఇది ఎక్సెల్ చెప్పదు. పినపాక వైపు పెరిగిన పిల్లవాడికి తెలుసు. మిర్చికి ధర వచ్చిన ఏడాది ఇంట్లో ఫోన్ మారుతుంది, బండి వస్తుంది. ధర పడిన ఏడాది పగిలిన స్క్రీన్‌తోనే నడిపిస్తారు. 2025 మొదట్లో మిర్చి ధర ఎంతగా పడిందంటే, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకునే పథకం ప్రకటించాల్సి వచ్చింది. గురుగ్రామ్‌లో కూర్చుని ఫోన్ మార్కెట్ అంచనా వేసే మనిషి మిర్చి ధర చూస్తాడా? చూసేవాడు మంచి అనలిస్ట్ అవుతాడు.

ఇంకో సంగతి. 'ఈ మూడు నెలల్లో ఇన్ని కోట్ల ఫోన్లు' అని పత్రికల్లో వచ్చే అంకెల్లో చాలావరకు 'షిప్‌మెంట్లు'. అంటే కంపెనీ నుంచి డీలర్లకు, దుకాణాలకు వెళ్లిన ఫోన్లు. అవి జనం చేతికి చేరాయని కాదు. మణుగూరు దుకాణంలో అద్దాల వెనక దుమ్ము పట్టిన ఫోన్ కూడా ఆ లెక్కలో ఉంటుంది. పండగ ముందు కంపెనీలు సరుకు దుకాణాల్లో నింపేస్తే అంకె పెరుగుతుంది. పండగ తర్వాత సరుకు మిగిలితే తర్వాతి అంకె పడుతుంది. దుకాణదారుడిని అడిగిన అనలిస్ట్‌కు ఇది ముందే తెలుస్తుంది.

అడవి మండలం అంకెల్లో కనిపించదు

దీనివల్ల మనకు నేరుగా జరిగే నష్టం ఒకటుంది. టెలికాం కనెక్షన్ల లెక్కలు ట్రాయ్ ప్రతి నెలా ఇస్తుంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కానీ ఆ లెక్క జిల్లాల వారీగా ఉండదు, టెలికాం సర్కిళ్ల వారీగా ఉంటుంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా తెలంగాణ ఇప్పటికీ 'ఆంధ్రప్రదేశ్ సర్కిల్'లోనే ఉంది. అంటే మాదాపూర్, విశాఖపట్నం, పినపాక ఒకే సంచిలో పడతాయి. మాదాపూర్‌లో మనిషికి రెండు సిమ్‌లు, గోదావరి పక్క గూడెంలో సిగ్నల్ కోసం చెట్టెక్కే కుర్రాడు, ఇద్దరినీ కలిపి సగటు తీస్తే సర్కిల్ చాలా బాగుందని వస్తుంది.

సగటు బాగుంటే కంపెనీ ఎక్కడ కొత్త టవర్ పెడుతుంది? జనం, డబ్బు కనిపించిన చోటే. అందుకే సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం 26,316 కోట్ల పథకం ఆమోదించాల్సి వచ్చింది. మార్కెట్ లెక్కలో లేని ఊళ్లు అవి. ఆ లెక్క వేసే టీమ్‌లో అలాంటి ఊరి మనిషి ఒక్కడున్నా 'ఈ సగటు నమ్మకండి, విడదీసి చూడండి' అనగలడు.

భద్రాద్రి థర్మల్ స్టేషన్ 1,080 మెగావాట్ల కరెంటు ఇస్తోంది. మణుగూరు బొగ్గు రాష్ట్రమంతా వెళ్తోంది. మన ప్రాంతం నుంచి ఏం వెళ్తోందో అందరి దగ్గరా లెక్క ఉంది. మన ప్రాంతానికి ఏం రావాలో చెప్పే లెక్కల్లోనే మనవాళ్లు తక్కువ.

తప్పిన జోస్యాలు, అమ్ముడుపోయిన మాటలు

ఈ వృత్తికి మచ్చలు కూడా ఉన్నాయి. వాటిని దాచి పిల్లల్ని పంపితే అన్యాయం.

2011 ఫిబ్రవరిలో నోకియా, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపాయి. మరుసటి నెలలో ఐడీసీ ఒక అంచనా ఇచ్చింది. 2015 నాటికి ప్రపంచ స్మార్ట్‌ఫోన్లలో విండోస్ ఫోన్ వాటా 20.9 శాతం, ఐఫోన్ వాటా 15.3 శాతం ఉంటుందని. 2015 వచ్చేసరికి విండోస్ ఫోన్ వాటా 3 శాతం కూడా లేదు. పాత నోకియా వాడేవాళ్లంతా నోకియా వెంటే వస్తారని అనుకున్నారు. వాళ్లు ఆండ్రాయిడ్‌కు వెళ్లిపోయారు. ఇక్కడ కుట్ర లేదు. ఒక అంచనా తప్పింది, దాని మీద కట్టిన లెక్కంతా కూలింది.

అంతకంటే చెడ్డది ఇంకొకటి జరిగింది. 2000 ప్రాంతంలో అమెరికాలో ఇంటర్నెట్ షేర్ల వెర్రి నడిచినప్పుడు, మెరిల్ లించ్ అనలిస్ట్ హెన్రీ బ్లాడ్జెట్ బయటికి కొనమని చెప్పిన కొన్ని షేర్లను సొంత ఈమెయిళ్లలో పనికిరానివని తిట్టుకున్నట్టు దర్యాప్తులో బయటపడింది. 2003లో ఆయనకు 40 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది, ఆ రంగం నుంచి జీవితకాలం నిషేధం పడింది. పది పెద్ద సంస్థలు కలిసి సుమారు 140 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్నాయి. ఆ అనలిస్టుల మాట నమ్మి దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న మామూలు జనానికి అందులో తిరిగి వచ్చింది కొంతే.

మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ మేటాస్ పేరున్న రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. ఒకటి రియల్ ఎస్టేట్, ఇంకొకటి నిర్మాణ కంపెనీ. రెండూ ఛైర్మన్ కుటుంబానివే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూముల కంపెనీ ఎందుకు అని పెట్టుబడిదారులు, అనలిస్టులు నిలదీశారు. గంటల్లోనే ఆ ప్రకటన వెనక్కి పోయింది. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవు. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలల్లో లాభం 24 శాతం అని చూపిస్తే నిజంగా వచ్చింది 3 శాతం.

ఏళ్ల తరబడి ఆ అంకెల్ని ఆడిటర్లు, బ్యాంకులు, అనలిస్టులు అందరూ చదివారు. అందరూ కంపెనీ ఇచ్చిన కాగితాన్నే చదివారు. ఆ డబ్బు నిజంగా బ్యాంకులో ఉందా అని బయటి నుంచి గట్టిగా వెతికినవాళ్లు కనిపించలేదు. చివరికి గుట్టు కదిలింది ఏ పెద్ద చదువూ అక్కర్లేని ఒక్క ప్రశ్నతో: 'నీ పని ఇది కాదు కదా, ఎందుకు కొంటున్నావు?' కిరాణా దుకాణం నడిపే మన చాచా కూడా ఆ ప్రశ్న అడుగుతాడు.

ఏఐ వచ్చాక ఎవరు మిగులుతారు?

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. 2025 ఆగస్టు 5న గార్ట్‌నర్ ఆ ఏడాది ఆదాయ అంచనా తగ్గించింది. ఒక్క రోజులో షేర్ పావు వంతుకు పైగా పడింది. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులు తగ్గడం ఒక కారణం. ఏఐని అడిగితే జవాబు వస్తున్నప్పుడు లక్షలు పోసి నివేదిక ఎందుకు కొనాలి అన్న అనుమానం ఇంకొకటి.

ఈ అనుమానంలో సగం నిజం ఉంది. మొదటి మెట్టు మీద కొత్తవాళ్లు చేసే పనిలో చాలా భాగం, అంటే నివేదికలు కుదించడం, పట్టికలు నింపడం, పాత పేరా కొత్తగా రాయడం, ఏఐ నిమిషాల్లో చేస్తోంది. అంతర్జాలంలో దొరికే సమాచారాన్ని అటుదిటు చేసి 'రిపోర్ట్' అని అమ్మే సంస్థలు కూడా ఉన్నాయి. వాటిలో చేరిన పిల్లల ఉద్యోగాలు ముందు పోతాయి.

మిగతా సగం ఆస్ట్రేలియాలో తేలింది. డెలాయిట్ అక్కడి ప్రభుత్వానికి 4,40,000 ఆస్ట్రేలియన్ డాలర్లకు ఒక నివేదిక ఇచ్చింది. అందులో పేర్కొన్న కొన్ని పరిశోధనలు అసలు లేనే లేవని ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడు పట్టుకున్నాడు. నివేదిక తయారీలో ఏఐ వాడారని తేలింది. 2025 అక్టోబర్‌లో డెలాయిట్ కొంత ఫీజు తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకుంది. అంటే అందంగా రాయడం చవకైంది. రాసినది నిజమేనా అని చూసే మనిషికి అవసరం పెరిగింది.

ఈ కారణంగా మన పిల్లలకు ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ అంటే మొబైల్ ఫోన్ల వ్యాపారం. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే కంప్యూటర్లు. ఏ మోడల్ కదులుతోంది, ఏది మూలన పడింది, ఎవరు ఎంత తగ్గింపు ఇస్తున్నారు అనే మాట అక్కడ కౌంటర్ల మీద, ఎక్కువగా దక్కనీ ఉర్దూలో నడుస్తుంది. ఏ వెబ్‌సైట్‌లోనూ ఆ మాట ఉండదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, టీవీలో హిందీ విని పెరిగిన మన అబ్బాయి, మన అమ్మాయి ఆ మాట అడిగి తెచ్చుకోగలరు. దాన్ని శుభ్రమైన ఇంగ్లీష్‌లో రాయడం నేర్చుకుంటే ఏఐ చేయలేని పని వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేయాలి?

ఈ ఉద్యోగానికి ఇంజినీరింగే కావాలని లేదు. బీకాం, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ఉన్న బీఏ, బీఎస్సీ సరిపోతాయి. పైన ఎంబీఏ లేదా ఎంఏ ఎకనామిక్స్ ఉంటే మెట్లు త్వరగా ఎక్కవచ్చు. మణుగూరు, భద్రాచలం, కొత్తగూడెంలలో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. అక్కడే చదివి మొదలుపెట్టొచ్చు. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ నేర్చుకోవాలి. స్టాటిస్టిక్స్ పాఠాలు ప్రభుత్వ స్వయం, ఎన్‌పీటెల్‌లలో ఉచితంగా ఉన్నాయి. 'అనలిస్ట్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ' అని లక్ష అడిగే ఇన్‌స్టిట్యూట్‌కు బంగారం తాకట్టు పెట్టి కట్టకండి.

సర్టిఫికెట్ కంటే సొంతంగా చేసిన ఒక లెక్క ఇంటర్వ్యూలో ఎక్కువ పనికొస్తుంది. మూడు నెలలు పెట్టుకోమనండి. ట్రాయ్ నెలవారీ నివేదికలు, జియో, ఎయిర్‌టెల్ మూడు నెలల ఫలితాలు చదవాలి. తర్వాత ఏడూళ్ల బయ్యారం నుంచి మణుగూరు వరకు ఇరవై మొబైల్ దుకాణాలు తిరగాలి. ఏ ఫోన్ ఎంత అమ్ముడుపోతోంది, ఎంతమంది కిస్తీల మీద కొంటున్నారు, పాత ఫోన్లు ఏమవుతున్నాయి అని అడగాలి. నాలుగు పేజీలు రాయాలి. ఏ అంకె ఎవరు చెప్పారు, ఏది తన అంచనా అని విడివిడిగా చూపించాలి. కాలేజీ పేరు చిన్నదైనా ఈ నాలుగు పేజీలు చూపించే పిల్లను ఇంటర్వ్యూ చేసేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

అమ్మాయిల విషయంలో ఒక మాట. ఇది ఎక్కువగా ఆఫీసులో, లాప్‌టాప్ ముందు చేసే పని. పెళ్లయ్యాక ఇంటి నుంచి కొనసాగించే వీలు కొన్ని సంస్థల్లో ఉంటుంది. మైనారిటీ గురుకులాల్లో చదివి బయటికొస్తున్న ఆడపిల్లలకు ఇంగ్లీష్ బాగానే వస్తోంది. టీచర్, నర్సు పక్కన ఈ పేరు కూడా వాళ్ల చెవిన వేయండి. విదేశంలో పీజీ చేయాలనుకునే వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల వరకు సాయం ఉంది. దరఖాస్తు తేదీలు మాత్రం జిల్లా మైనారిటీ సంక్షేమ ఆఫీసులో కనుక్కోండి.

ఇంకో జాగ్రత్త. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో 'టెక్ మార్కెట్ అనలిస్ట్‌ని' అని చెప్పుకుంటూ ఫలానా షేర్ కొనమనే వాళ్లు వేరు. డబ్బు తీసుకుని షేర్ల సలహా ఇవ్వాలంటే సెబీ 2014 నిబంధనల కింద రీసెర్చ్ అనలిస్ట్‌గా నమోదు కావాలి, ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష పాసవ్వాలి. నమోదు నంబర్ అడగండి. దాన్ని సెబీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. నంబర్ చెప్పకుండా మాట దాటేస్తే గ్రూపులోంచి బయటికి రండి.

కొత్తవాళ్లకు మొదటి రెండేళ్లు కష్టంగానే ఉంటాయి. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండకపోవచ్చు, మొదటి మెట్టు ఏఐ వల్ల ఇరుకైంది. ఇంట్లో వెంటనే సంపాదన కావాలంటే ప్రభుత్వ పరీక్షల తయారీ ఆపకుండా, పక్కన ఈ పని నేర్చుకోవడం మంచిది. కాస్త ఓపిక పట్టగలిగే ఇంటికి మాత్రం ఇది పరిశీలించదగ్గ దారి.

మన ఇళ్లల్లో అమానత్ అనే మాటకు విలువ ఉంది. ఎవరో దాచుకోమని ఇచ్చిన డబ్బును ఎలా చూస్తామో, ఎవరో నమ్మి అడిగిన అంకెనూ అలాగే చూడాలి. సత్యంలో, మెరిల్ లించ్‌లో, డెలాయిట్ నివేదికలో తప్పింది అదే. లెక్కలు, ఇంగ్లీష్ ఎవరైనా నేర్పిస్తారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం, వెళ్లి అడిగి తెలుసుకోవడం మాత్రం ఇంట్లోనే నేర్పించాలి. అది నేర్చుకున్న పిల్లలు పినపాక నుంచి వెళ్లినా, వాళ్లు చెప్పే అంకెకు హైదరాబాద్‌లో విలువ ఉంటుంది.